క్లచ్ మీద కాలు

పంజగుట్ట చౌరస్తాలో ఎర్రలైటు పడింది. సర్దార్ గేరు న్యూట్రల్‌లోకి తెచ్చాడు గానీ ఎడమకాలు క్లచ్ మీంచి తీయలేదు. ఆగిన బండిలో క్లచ్ నొక్కిపట్టి కూర్చోవడమంత దండగమారి పని ఇంకొకటి లేదని నిన్నగాక మొన్న లైసెన్సు తీసుకున్నవాడికి కూడా తెలుసు. మీసాలు మొలవకముందే స్టీరింగు పట్టిన సర్దార్‌కి తెలియదా? తెలుసు. అయినా పెడల్ సగందాకా నొక్కి, చెవి ఒగ్గి కూర్చున్నాడు.

డీజిల్ ఇంజను మోత అడుగున సన్నగా ఒక ధ్వని మొదలైంది. నోరు మూసుకుని ముక్కుతో రాగం తీసే మనిషి గొంతులా ఉంటుందది. కాలు ఇంకాస్త నొక్కితే పైకి లేస్తుంది, సడలిస్తే కిందికి దిగుతుంది, పూర్తిగా తీసేస్తే ఆగిపోతుంది. సర్దార్ పూర్తిగా తీయడు.

"ఇయ్యాల లోడు మస్తున్నది నర్సన్నా," అన్నాడు పక్క సీటుతో.

పక్క సీటులో మనిషి లేడు. నాలుగు మడతలు పెట్టిన గోనెపట్టా ఉంది. యాసిడ్ చుక్కలు పడి పడి దానికి నిండా చిల్లులు. సర్దార్ నర్సన్నా అని పిలిచే హమాలీ రాజనర్సయ్య, బ్యాటరీని వీపుకెత్తుకునే ముందు ఆ పట్టాని భుజాల మీద కప్పుకునేవాడు. అతను పోయి రెండు ఎండాకాలాలు దాటాయి. అప్పటినుంచీ ఆ సీటులో ఎవరినీ కూర్చోనివ్వలేదు సర్దార్, ఒక్క రాజనర్సయ్య భార్య సీతాబాయిని తప్ప. కొత్త హమాలీ హనుమత్ప్రసాద్ ఎండయినా వానయినా వెనక బ్యాటరీల మధ్యే కూర్చుంటాడు. ఉత్తరాది నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన మనిషి, నలభై దాటినవాడు. ముందు సీటు ఖాళీగా ఉండగా తననెందుకు వెనక కూర్చోమంటున్నారో మొదట్లో అతనికి అర్థం కాలేదు. తర్వాత అడగడం మానేశాడు.

సర్దార్ పొడుగాటి మనిషి. స్టీరింగు మీదికి వంగి వంగి, కిందికి దిగినా ఆ వంపు అలాగే ఉండిపోయింది. ఎడమ పిక్క కుడిదాని కంటే లావు. చెప్పుల జత కొంటే ఎడమది అరిగి కాగితంలా అయ్యేనాటికి కుడిది పెళ్లికి వేసుకుపోయేలా ఉంటుంది. ఒక్క చెప్పు అమ్మే దుకాణం ఉంటే బాగుండునని ఇంట్లో అతని భార్య నవ్వేది. ఈ రెండేళ్లలో అరుగుదల మరీ ఎక్కువైంది, ఆమె కూడా నవ్వడం మానేసింది.

బండి సర్దార్, రాజనర్సయ్య కలిసి కొన్న చిన్న ట్రక్కు. అమీర్‌పేటలో ప్రతి అంతస్తుకీ కంప్యూటరు చదువుల బోర్డులు మొలుస్తున్న రోజులు. ఊళ్లనుంచి వచ్చిన పిల్లలు జావా, ఒరాకిల్ అంటూ గదుల్లో చోటు చాలక మెట్ల మీద నిలబడి పాఠాలు వినేవారు. కరెంటుది మాత్రం పాత బుద్ధే, చెప్పాపెట్టకుండా పోయేది. అందుకని కంప్యూటర్లున్న ప్రతిచోటా ఓ మూల యూపీఎస్, దాని కింద వరసగా బ్యాటరీలు. ఒక్కొక్కటీ ఓ మోస్తరు మేకంత బరువు. కొత్తవి దించాలి, చచ్చినవి ఎక్కించాలి. సర్దార్ నడిపేవాడు, రాజనర్సయ్య మోసేవాడు. మోస్తున్నప్పుడు, మోయడం అయ్యాక, బండిలో కూర్చున్నప్పుడు కూడా అతను ముక్కుతో ఏదో రాగం తీస్తూనే ఉండేవాడు. ఏ పాటో అతనికే తెలియదు. అడిగితే, "గదేమో, నోట్లకెల్లి రాదు, ముక్కులకెల్లే వస్తది," అనేవాడు.

"కాలు తియ్యి భాయ్, క్లచ్చు కాలిపోతది," అని సర్దార్‌ని కసిరేది కూడా అతనే.

పచ్చలైటు పడింది. వెనకనుంచి హారన్లు. సర్దార్ గేరు వేసి కాలు వదిలితే ఇంజను పెద్దగా అరిచింది, బండి మాత్రం బద్ధకంగా కదిలింది. కాలిన వాసన గుప్పున కొట్టింది. క్లచ్ జారిపోతోంది. ఇంజను తిరిగినంత తిరుగుడూ చక్రాలదాకా పోవడం లేదు. రాజనర్సయ్య పోయాక అప్పటికే రెండు క్లచ్ ప్లేట్లు మార్పించాడు, ఇది మూడోది. మెకానిక్ అజీమ్‌కి ఈ లెక్క ఎంతకీ తెగడం లేదు.

ఆ ధ్వని ఎక్కడినుంచి వస్తుందో సర్దార్‌కి తెలుసు. క్లచ్ నొక్కినప్పుడు లోపల ఒక ఉక్కు చక్రం తిరుగుతుంది. రిలీజ్ బేరింగు అంటారు. దాంట్లో గ్రీజు ఎండిపోతే అలాగే ఏడుస్తుంది. ప్లేటు మార్చిన రెండుసార్లూ అజీమ్ దాన్ని కూడా తీసి పారేస్తానంటే సర్దార్ వద్దన్నాడు. పాతదే ఉండనీ అన్నాడు. ఆ మాటకి అజీమ్ అతన్ని అదోలా చూశాడు.

పంజగుట్టలో బ్యాటరీల దుకాణం కృష్ణమోహన్‌ది. గుంటూరు వైపు మనిషి, మాట మెత్తన. ఆ ఉదయం లోడు ఎక్కించుకునేటప్పుడు అతను బయటికొచ్చి నిలబడ్డాడు.

"ఏంటి సర్దార్, నిన్న మళ్లీ మధ్యలో ఆగిపోయావంట? అక్కడ పిల్లలకి ఆన్‌లైన్ పరీక్ష. కరెంటు పోయింది. నా బ్యాటరీలేమో నీ బండిలో చల్లగా కూర్చున్నాయి. వాళ్లు నన్ను తిట్టిన తిట్లు నీకు చెప్పలేను."

"క్లచ్చు సార్. ఇయ్యాల చూపిస్త."

"పోయిన నెలా ఇదే అన్నావు. నాకు నువ్వంటే గౌరవం. కానీ ఇంకోసారి ఆగితే మాత్రం వేరే బండి పెట్టుకుంటాను. ఏమనుకోవద్దు."

అనుకోవడానికేముంది, ఆయన స్థానంలో ఎవరున్నా ఆ మాటే అంటారు. సర్దార్ తలూపి బండెక్కాడు. అక్కడినుంచే బయల్దేరి ఇప్పుడీ చౌరస్తా దాటి అమీర్‌పేట చేరాడు. మైత్రీవనం దాటాక సందులో ఒక కాంప్లెక్సు, దాని సెల్లార్లోకి దిగే ర్యాంపు బావిలోకి దిగుతున్నట్టుంటుంది. దిగడం సులువే. కొత్తవి దించి, ఉబ్బిపోయిన పాత బ్యాటరీలు ఎక్కించారు. ఇక పైకెక్కాలి.

ర్యాంపు ఎక్కేటప్పుడు హమాలీ చేతిలో రాయి పట్టుకుని బండి వెనకాలే నడుస్తాడు. బండి నిలిచిపోతే చక్రం కింద పెట్టడానికి. ఈ పద్ధతి రాజనర్సయ్యదే, హనుమత్ప్రసాద్‌కి నేర్పింది సర్దార్. మొదటి గేరులో బండి సగందాకా ఎక్కింది. అక్కడ ఇంజను గొంతు చించుకుంది, బండి నిలిచిపోయింది. సర్దార్ ఎడమకాలు తనకు తెలియకుండానే క్లచ్ మీదికి పోయింది.

రాగం లేచింది. ఎప్పుడూ లేనంత పెద్దగా, స్పష్టంగా, పక్క సీటులోంచే అన్నట్టు. సెల్లార్ గోడలు దాన్ని అందుకుని తిరిగి ఇచ్చాయి. సర్దార్ తల అటు తిరిగింది. బండి మెల్లగా వెనక్కి పోతోంది. బ్రేకు మీద కాలు పడాలి. పడలేదు. అతను వింటున్నాడు.

"భాయ్! రోకో! భాయ్!"

రాయి చక్రం కింద పడి నలిగిన చప్పుడయింది. అప్పుడు బ్రేకు తొక్కాడు. దిగి వెనక్కి పరుగెత్తాడు. హనుమత్ప్రసాద్ ర్యాంపు మలుపులో గోడకి అతుక్కుని నిలబడి ఉన్నాడు. బండి వెనక తలుపుకీ అతని పొట్టకీ మధ్య అరచెయ్యి పట్టేంత సందు. అతను ఊపిరి కూడా జాగ్రత్తగా తీసుకుంటున్నాడు. ఆ సందులోంచి పక్కకి జరిగి బయటపడి, మోకాళ్ల మీద చేతులానించి వంగి నిలబడ్డాడు.

"నేను వెనకనే ఉన్న భాయ్," అన్నాడు చివరికి, తనకు వచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో. "నువ్వు చూడలే."

తిట్టి ఉంటే బాగుండేది. చచ్చినవాడికోసం బతికున్నవాణ్ణి గోడకేసి నలిపేసేవాణ్ణి కదా అనుకున్నాడు సర్దార్. భయం కంటే ముందు సిగ్గేసింది. బ్యాటరీలన్నీ దించేసి, ఖాళీ బండిని ఎలాగో పైకి ఎక్కించారు. హనుమత్ప్రసాద్‌ని సామాను దగ్గర ఉంచి, ఒక్కడే సనత్‌నగర్ బయల్దేరాడు. దారంతా ఎడమకాలు క్లచ్‌కి దూరంగా నేలమీద ఆనించి ఉంచాడు. గేరు మార్చినప్పుడు మాత్రం తప్పలేదు. తప్పనిసరి అయిన ప్రతిసారీ అది ముక్కుతో రెండు క్షణాలు పలికి ఊరుకునేది.

సనత్‌నగర్‌లో అజీమ్ షెడ్డు చుట్టూ లేతు మిషన్ల చప్పుడు. అజీమ్ బండిని వాసన చూశాడు, చూడాల్సిన పని లేకుండానే.

"ఖతం. ప్లేటు బొగ్గయింది," అన్నాడు. "సర్దార్ భాయ్, నిజం చెప్పు. క్లచ్చు మీద కాలు పెట్టి కూసుంటున్నవా లేదా?"

సర్దార్ ఎడమకాలు వెనక్కి తీసుకున్నాడు.

"కొత్తగ నేర్చుకునెటోడు చేస్తడు గా పని. నీకేమైంది?" అజీమ్ జవాబు కోసం చూడకుండా చేతులు తుడుచుకున్నాడు. అతనికి పనిలో పడితే మనుషుల మీద కోపం నిలవదు. "చూడు, మూడు దార్లున్నయి. కంపెనీది ఎట్లున్నదో అట్లనే వేస్త. మెత్తగ ఉంటది, నీ లోడుకు మళ్ల కాలిపోతది. రెండోది, ఇత్తడి బిళ్లల ప్లేటు. గట్టిగ పట్టుకుంటది. కని మెల్లగ వదులుదామంటే వినది, గీ అమీర్‌పేట ట్రాఫిక్‌ల గుర్రం లెక్క దుంకుతది. రోజు తోలే బండికి వద్దంటా. మూడోది, పెద్ద బండిది. ప్లేటు సుత పెద్దది, దాన్ని నొక్కిపట్టే స్ప్రింగు సుత గట్టిది. ఎంత లోడైనా జారది. దీన్కి సరిపోతది, నేను వేసి చూసిన."

"మరి గదే వెయ్యి."

"జర ఆగు. పెడల్ బండరాయి లెక్క ఉంటది. తొక్కు, ఇడిచిపెట్టు, అంతే. దాని మీద కాలు పెట్టి కూసుంటనంటే సాయంత్రానికి మోకాలు పోతది. నీ వయసు చూసి చెప్తున్న." అజీమ్ గొంతు తగ్గించాడు. "ఇంకోటి. గా పాత బేరింగు దీంతోని నడువది. కొత్త స్ప్రింగుకు వేళ్ల లెక్క ఉండే పట్టీలను తినేస్తది. ఈసారి ఉంచుమంటే నేను చెయ్య. వేరే షెడ్డుకు పో."

షెడ్డు అవతల ఎవరో ఇనుప రేకు మీద సుత్తితో కొడుతున్నారు. సర్దార్ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. పక్క సీటు తలుపు తీశాడు, గోనెపట్టాని చూశాడు, మళ్లీ వేశాడు. అతని కష్టం ఏమిటో అజీమ్‌కి ఎలా చెప్పాలి? చెబితే మాత్రం ఏమర్థమవుతుంది?

రాజనర్సయ్య పోయిన రోజు ఎండ మండిపోతోంది. లిఫ్టు పనిచేయని కాంప్లెక్సులో పై అంతస్తునుంచి పాత బ్యాటరీలు దించి, రాజనర్సయ్య బండెక్కి గోనెపట్టాతో మొహం తుడుచుకున్నాడు. "మెల్లగ పో భాయ్, జర కన్ను మూస్త," అన్నాడు. పంజగుట్ట నుంచి అమీర్‌పేట దాకా ట్రాఫిక్ నత్తనడక, గంటకు పైనే పట్టింది. సర్దార్ దారి పొడుగునా ఏదో చెబుతూనే ఉన్నాడు, రోడ్డు తవ్వినవాళ్లని తిట్టాడు, బండి అద్దం మార్చాలన్నాడు. పక్కనుంచి సన్నగా ముక్కు రాగం వినబడుతూనే ఉంది. వింటున్నాడులే అనుకున్నాడు. పక్కకి తిరిగి చూడలేదు. అమీర్‌పేటలో ఆపి "దిగు నర్సన్నా" అంటే అతను దిగలేదు. చిన్న ఆసుపత్రిలో డాక్టరు చెయ్యి పట్టి చూసి, ప్రాణం పోయి చాలాసేపయిందన్నాడు. ఒళ్లు అప్పటికే చల్లబడింది.

చాలాసేపయితే దారంతా రాగం తీసిందెవరు?

సీతాబాయి అడిగింది, "ఆఖర్ల ఏమన్నడు భాయ్?" అని. "పాట తీసుకుంట పోయిండు వదినా. నొప్పి లేదు, ఏం లేదు," అన్నాడు సర్దార్. అబద్ధమని తెలిసి చెప్పింది కాదు, అప్పటికది అతనికి నిజమే. మర్నాడు ఒంటరిగా బండి తీసి క్లచ్ మీద కాలు పెడితే అదే రాగం మళ్లీ వినిపించింది. ఆ క్షణం నుంచే అతనికి నిద్ర లేదు. అది బేరింగయితే, తన చెయ్యి చాస్తే అందేంత దూరంలో తన మనిషి ఒక్కడే, నిశ్శబ్దంగా చచ్చిపోయాడు. తానేమో అద్దం గురించి మాట్లాడుతున్నాడు. బేరింగు కాకపోతే, నర్సన్న పాడుకుంటూనే పోయాడు. ఇంకా ఇక్కడే ఉన్నాడు. బేరింగు మార్చితే ఏది నిజమో తేలిపోతుంది. అది తేలకూడదనే రెండు ప్లేట్లు కాల్చుకున్నాడు. ఈ ఉదయం ఒక మనిషిని నలిపేయబోయాడు.

"మార్చు," అన్నాడు. "బేరింగు సుత."

అజీమ్ ఇంకేమీ అడగలేదు. గేరుబాక్సు కిందికి దించాడు. సర్దార్ నేలమీద గొంతుక్కూర్చుని, తన బండి పొట్ట తెరిచి ఉండడం చూస్తూ మధ్యాహ్నమంతా గడిపాడు. అన్నం డబ్బా విప్పలేదు. ప్లేటు బయటికొచ్చింది, నల్లగా అద్దంలా నున్నగా. తర్వాత బేరింగు వచ్చింది. అజీమ్ దాన్ని వేలికి తగిలించుకుని తిప్పాడు. రాగం లేదు, ఏమీ లేదు. ఇసకలో నడిచినట్టు కరకరమంది.

"ఇది ఇన్నొద్దులు ఎట్ల నడిచిందో అల్లాకే తెల్వాలి," అన్నాడు అజీమ్.

"ఇటియ్యి. పారెయ్యకు."

సర్దార్ దాన్ని రుమాల్లో తుడిచి, తను కూడా వేలితో తిప్పి చూశాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ తిప్పాడు. అజీమ్ అటు తిరిగి, అవసరం లేని పానా కోసం వెతకసాగాడు.

పొద్దు వాలుతుండగా బండి సిద్ధమైంది. కొత్త పెడల్ నిజంగానే బండరాయి. పూర్తిగా తొక్కడానికి నడుం కూడా సాయం చేయాల్సి వచ్చింది. మొదటి గేరు వేసి వదిలితే బండి పాత బద్ధకమంతా మరిచిపోయి టక్కున కదిలింది. రోడ్డెక్కాక మొదటి సిగ్నలు దగ్గర సర్దార్ క్లచ్ నొక్కిపట్టాడు. ఇంజను మోత ఉంది. పక్కనే ఆటో మోత ఉంది. దాని అడుగున ఏమీ లేదు. ఇంకాస్త నొక్కాడు. ఏమీ లేదు. స్ప్రింగు కాలిని పైకి నెట్టేసింది. అంతటితో తేలిపోయింది.

అమీర్‌పేటలో ఉంచిన సామానునీ హనుమత్ప్రసాద్‌నీ దుకాణం దగ్గర దించి వచ్చేసరికి, ఎస్.ఆర్. నగర్‌లో ఒక హాస్టలు గేటు ముందు సీతాబాయి నిలబడి ఉంది. ఆ హాస్టల్లో ఉద్యోగాల కోసం చదువుకునే ఆడపిల్లలకి వంట చేస్తుంది. యూసుఫ్‌గూడలో గది. వీలైన సాయంత్రాల్లో సర్దార్ ఆమెని దించిపోతాడు. ఆమె సీటెక్కి, గోనెపట్టాని ఒళ్లోకి తీసుకుని, కళ్లు మూసుకుని ఆ చప్పుడు వింటూ కూర్చుంటుంది. ఇద్దరూ దాన్ని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మాట్లాడితే ఆగిపోతుందేమోనని ఇద్దరికీ భయమే.

ఈసారి సీటు మీద రుమాల్లో చుట్టిన బేరింగు ఉంది. ఆమె దాన్ని తీసి చేతిలో పట్టుకుని, పట్టా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బండి కదిలింది. కళ్లు మూసుకుంది. ఒక మలుపు తిరిగారు, ఇంకో మలుపు తిరిగారు. ఆమె కళ్లు తెరిచింది.

"ఏమాయె భాయ్, ఇయ్యాల సప్పుడు లేదు?"

ఇంకో అబద్ధం సర్దార్ నాలుక మీదే సిద్ధంగా ఉంది, మెత్తగా, మర్యాదగా. రేపు వస్తడు వదినా అంటే చాలు. ఉదయం గోడకి అతుక్కుని నిలబడ్డ మనిషి మొహం కళ్లముందుకి వచ్చింది.

"పోయిండు వదినా," అన్నాడు. "గా చప్పుడు బండిదే. నీ చేతిల ఉన్నదే. తీసేపిచ్చిన."

ఆమె రుమాలు విప్పి చూసింది. నల్లటి ఉక్కు చక్రం, అరచేతిలో పట్టేంత. చాలాసేపు దాన్నే చూసింది. యూసుఫ్‌గూడ సందులు వచ్చాయి, కూరగాయల బండ్లు అడ్డం తొలగాయి.

"మరి ఆ దినం... నొప్పి పడ్డడా?"

సర్దార్ బండిని పక్కకి తీసి ఆపాడు. రెండు కాళ్లూ పెడళ్ల మీంచి తీసేశాడు. మొదటిసారిగా పక్క సీటువైపు పూర్తిగా తిరిగాడు.

"నాకు తెల్వది వదినా," అన్నాడు. "నేను చూడలే. పక్కనే ఉన్న. చూడలే."

సీతాబాయి ఏడవలేదు. కొంగుతో కళ్లు అదుముకుంది. ఆమె ముఖం మీద కోపం కోసం సర్దార్ వెతికాడు. కోపం దొరికితే పట్టుకుందామనుకున్నాడు. అది కనిపించలేదు. చాలా అలసిపోయిన మనిషి మాత్రం కనిపించింది.

"రేపటిసంది నేను నడుసుకుంటనే పోత భాయ్," అంది చివరికి. "వెనక కూసునే ఆయనను ముంగట కూసోపెట్టు. ఎండకు సస్తడు."

తలుపు తీసుకుని దిగింది. వెనక్కి చూడకుండా సందులోకి నడిచి, కరెంటు పోయిన ఇళ్ల మధ్య కనబడకుండా పోయింది. సర్దార్ ఇంజను ఆపేశాడు. "ఏమైంది నర్సన్నా, పానం మంచిగలేదా?" అన్నాడు, ఆ రోజు అడగాల్సిన మాట. వినేవాళ్లెవరూ లేరు.

పక్క సీటులో గోనెపట్టా మళ్లీ నాలుగు మడతలుగా ఉంది. దాని మీద ఆమె వదిలిపోయిన బేరింగు, లోపల ఎక్కడో ఎండకుండా మిగిలిన కాస్త గ్రీజు యాసిడ్ చిల్లుల చుట్టూ మెల్లగా ఇంకుతోంది.